మంచు తుడిచిన కంబళి

పందొమ్మిది వందల అరవైల్లో ఒక చలికాలం ఉదయం హిందూపురంలో ధర్మవరం పాసింజరు ఎక్కాను. ఎదురుగా కూర్చున్న నడివయసు ఆమె తడి కంబళిని కిటికీ ఊచల మీద ఆరేసింది. దాని నిండా గడ్డిగింజలు. వాన లేదు కదా, ఎట్లా తడిసిందని అడిగాను.

“మంచప్పా. తెల్లారుజామున గొర్ల ముందర దీన్ని గడ్డి మింద ఈడ్చుకుంటా పోతా. మంచు గడ్డి తింటే వాటికి రోగమొస్తాది.”

మంచు ఆరేదాకా ఎవరూ మంద తోలరు. అంత తొందరేమని అడిగాను.

“గొర్లు కాసేది మా పాప. హిందూపురంలో పొద్దున బడి అంగళ్లోళ్ల పిల్లోళ్లకు, మధ్యాన్నం బడి మా పల్లెలోళ్లకు. మధ్యాన్నం గొర్లెంట పోతే పాప బడికి యాడ పోతాది? అందుకే మేపే పొద్దే మార్చేస్తి. రెండేండ్లాయ.”

ఆ బడి హెడ్మాస్టరుగా ఆ టైంటేబుల్ రాసింది నేనే. బజారు పెద్దమనుషులు తమ పిల్లలకు చల్లటి పొద్దుటి పూట అడిగారు, ఇచ్చాను. పల్లెల వాళ్లను అడగాలని తోచనే లేదు.

“బడి వేళ మార్చమని అయివార్లను అడగలేదా అక్కా?”

ఆమె నవ్వింది. “అయివార్లు మా మాట యాడ వింటారప్పా? గొర్లయితే వింటాయి.”

పెనుకొండ దాటేసరికి కంబళి ఆరింది. వణుకుతున్న నన్ను చూసి, గింజలు దులిపి, నా మోకాళ్ల మీద కప్పింది. నేనెవరో చెప్పకుండానే ధర్మవరం దాకా కప్పుకున్నాను.

ఆ తర్వాతి జూన్‌లో టైంటేబుల్ రాసేముందు, మందలు ఎప్పుడు తిరిగొస్తాయో పల్లెపల్లెకూ పోయి అడిగాను.