పలకల తొట్టిలో సముద్ర కుసుమం

మనవరాలి ఇంటి ముందుగదిలో అడుగుపెట్టగానే మొదట తగిలేది వాసన. తడి ఉప్పు, పాచి, అయోడిన్ సీసా మూత తీసినప్పటి ఘాటు కలిసిన వాసన అది. గోడవారగా గాజుతొట్టిలో సముద్రపు నీరు, ఆ నీటిలో ఒక రాతిని కరచిపట్టుకొని వేళ్ళవంటి స్పర్శకాలను మెల్లగా ఆడించే సముద్ర కుసుమం ఉంటాయి. పేరుకు కుసుమమే గాని అది ప్రాణి, దగ్గరకు వచ్చిన రొయ్యను పట్టి తింటుంది. వచ్చిన అతిథులందరూ దానిముందు నిలిచి ముచ్చటపడతారు. నేను మాత్రం దానికి వీపు పెట్టి కూర్చుంటాను. నా తొమ్మిదో ఏట అటువంటి ప్రాణి ఒకటి మార్కాపురంలో మా ఇంట నెల తిరగకుండానే చచ్చిపోయింది. ఆ విషయంలో నామీద నాకు కలిగిన విసుగు ఇన్నేళ్ళయినా తీరలేదు.

అప్పట్లో మాది మద్రాసు రాజధానిలోని కర్నూలు జిల్లా. సముద్రమన్నది మా ఊరివారికి సంతలో ఎండురొయ్యల గంపగా, బండి దిగే ఉప్పుబస్తాగా తెలిసిందే తప్ప కంటికి కనబడింది కాదు. ఉగాది దాటిందంటే నల్లమల వైపునుంచి వీచే గాలికి పెదవులు పగిలేవి. పొద్దున పలకలు చెక్కే ఇళ్ళనుంచి రాతిమీద ఇనుము గీరుకొనే చప్పుడు, మధ్యాహ్నం భక్ష్యాలకోసం ఉడికిన పప్పులో బెల్లం కరుగుతున్న వాసన, సాయంత్రం నీళ్ళు చల్లిన బండల అరుగుమీద నుంచి కాళ్ళకు తగిలే వెచ్చని ఆవిరి, ఆ ఆవిరిలోనే అచ్చనగండ్లు ఆడే నా ఈడు పిల్లల తగాదాలు. ఆ వేసవి నేను ఆ ఆటలకు పోలేదు. నాకు ఉద్యోగం దొరికింది.

నాయన ఉన్నత పాఠశాలలో ప్రకృతిశాస్త్రం బోధించేవారు. సముద్రం ఒడ్డునున్న కొత్తపట్నంలో ఒక పెళ్ళికి వెళుతూ, మా అవ్వ ఊరగాయకని కడిగి ఆరబెట్టుకొన్న రెండు పెద్ద జాడీలను ఆమెకు చెప్పకుండా వెంట తీసుకొనిపోయారు. తిరిగివచ్చి జట్కా దిగినప్పుడు రెండింటి నిండా సముద్రపు నీరు, ఒకదాని అడుగున ఇటుకముక్క, దానికి అంటుకొని బొప్పివంటి మెత్తని ముద్ద. అవ్వ గడపలోనే నిలేసింది.

"పెండ్లికి పోయినోళ్ళు తాంబూలం తెస్తారు. నువ్వేందిరా నాయనా, నా జాడీలనిండా ఉప్పునీళ్ళు మోసుకొచ్చినావు?"

పలకలపని చేసే ఖాసిం మామ మూడువైపులా, అడుగునా నల్లని పలకబండలు, ముందువైపు గాజు అమర్చి, సందులకు గుగ్గిలం కరిగించి పూసి తొట్టి తయారుచేశాడు. లోపలి బండమీద నీటిమట్టానికి గుర్తుగా ఉలితో ఒక గీత గీశాడు. మరునాటికి ఆ ముద్ద విచ్చుకొంది. ఖాసిం మామ గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.

"పువ్వయితే వాడిపోవాల, జీవమయితే అరవాల. ఇది రెండూ చెయ్యకుంటే దీన్ని ఏమని పిలిచేది అయ్యవారూ?"

నాయన పట్టుదల కూడా అదే. సముద్ర కుసుమాలలో ఎన్నో జాతులున్నాయని, తన ఇంటికి వచ్చినదాని అసలు పేరు తెలియాలని ఆయన అది పక్కనుంచి కనబడే తీరుగా ఒక బొమ్మ గీసి, మద్రాసులో ఆ శాస్త్రం తెలిసిన పండితునికి పంపారు. జవాబు వచ్చేదాకా దాన్ని బ్రతికించి ఉంచడం, దినచర్య వ్రాయడం నా పని. "నీళ్ళు గీత కిందికి దిగగూడదమ్మా" అని ఒక్కటే ఆజ్ఞ. నేను పుస్తకంలో నిలువుగీతలు కొట్టి, పొద్దున ఎంత తగ్గిందో, సాయంత్రం ఎంత పోశానో తప్పకుండా ఎక్కించాను. ఆ ఎండకు రోజుకు అర అంగుళం ఇగిరేది. రెండో జాడీ అయిపోయాక నాయన కొలత ప్రకారం రాళ్ళుప్పు కరిగించి, వడగట్టి పోసేదాన్ని. బండమీద కట్టే తెల్లని పొరను మురికి అనుకొని తడిగుడ్డతో తొట్టిలోకే తుడిచేదాన్ని. పది పన్నెండు దినాలు అది నానబెట్టిన ఎండురొయ్యల తునకలు తింటూ నిండుగా విచ్చుకొనే ఉంది. తరువాత ముడుచుకోవడం మొదలుపెట్టింది.

అది పూర్తిగా ముడుచుకొన్న వారానికి మద్రాసు జవాబు వచ్చింది. బొమ్మనుబట్టి పేరు చెప్పలేనని, విచ్చుకొని ఉన్నప్పుడు స్పర్శకాలు ఎన్ని వరుసలలో ఉన్నాయో లెక్కించి, ఒంటిమీద బుడిపెలు ఉన్నాయో లేవో చూసి వ్రాయమని అందులో ఉంది. ఇక ఇంటిల్లిపాదికీ ఎదురుచూపులు పట్టుకొన్నాయి. ఒక్క పూట విచ్చుకొంటే చాలు. ఖాసిం మామ పనికి పోతూ పోతూ వాకిట్లోనుంచే "లేచిందా పాపా?" అని అడిగేవాడు.

ఒకనాడు అవ్వ తొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకొని తుపుక్కున ఉమ్మింది.

"ఇది సముద్రం గాదురా, ఊరగాయ ఊట. ఎండకు నీళ్ళు పోతాయి గానీ ఉప్పు యాడికి పోతాది? తగ్గినకాడికి మంచినీళ్ళు పొయ్యండి."

"సముద్రంలో మంచినీళ్ళు ఎవురు పోసినారమ్మా?" అన్నారు నాయన.

"వానదేవుడు పోయడంలా?"

నాయన ఆజ్ఞ మాత్రం మార్చలేదు. ఆయన బడికి వెళ్ళాక అవ్వ చెంబెడు మంచినీళ్ళు నా చేతిలో పెట్టి, "పొయ్యవే, నేను చెప్పినా అను" అని వంటింట్లోకి పోయింది. నేను ఆ చెంబుతో తొట్టిముందు నిలుచున్నాను. అవ్వ చదువుకోలేదు, నాయన చదువుకొన్నారు. నా లెక్క అంతే. చెంబును మునగచెట్టు పాదులో ఒంపి, ఉప్పునీరు గీతదాకా పోసి, పుస్తకంలో ఎక్కించాను.

మరునాడు పొద్దునకు అది ఇటుకను వదిలి అడుగున పడి ఉంది. వాసన వచ్చింది. అవ్వ తన జాడీలు రెండూ తీసుకొనిపోయి కడిగి ఎండలో బోర్లించింది.

నాయన ఉత్తరం చేతపట్టుకొని నా పక్కన కూర్చున్నారు. "బాగా విచ్చుకొన్నన్నాళ్ళూ దినాం దాని ముందరనే కూసున్నావు గదమ్మా. ఎన్ని వరసలుండె?"

నేను పుస్తకం అందించాను. ఆయన ఒక్కొక్క పుటే తిప్పారు. అన్నిటా నీటి లెక్కే. చివరిదాకా చూసి పుస్తకం మూసి, "గీతలు బాగా కొట్టినావు" అన్నారు. ఆ ఉత్తరానికి ఆయన జవాబు వ్రాయలేదు.

ఇప్పుడు మార్కాపురంలో బళ్ళకు పోయే పిల్లల చేతుల్లో పలక లేదు. బండలతో తొట్టి కట్టగల ఖాసిం మామ వంటి పనివాడు లేడు. నాలుకమీద వేసి నీటిని తూచగల అవ్వలు లేరు. ఇటీవల సముద్ర కుసుమాల రంగుల బొమ్మలున్న పుస్తకం ఒకటి తెప్పించుకొన్నాను. మొదటి పుటలోనే, పేరు తెలియాలంటే స్పర్శకాల వరుసలు లెక్కించమని ఉంది. కళ్ళు మూసుకొని లెక్కపెట్టబోతాను. లోపలి వరుస మొదలుపెట్టేలోగానే, ఆ పొద్దున నీరు గీతకు ఎంత దిగువన ఉందో కనబడుతుంది.