సరిహద్దులో విప్పిన ముడుపు

కారు రాప్తాడు దాటకముందే మా బావమరిది మొదలుపెట్టాడు.

"ఏం బావా, నేపాలుకు పోయేదానికి డైరీలో నాలుగు పేజీలు రాసినావంట? నా పెళ్లికి గూడా ఇంత జాబితా రాయలేదు కదప్పా!"

"నీ పెళ్లికి రాసింటే ఆ పొద్దు వంటోడు పారిపోయేవాడు కాదురా" అంది మా ఆవిడ వెనక సీట్లోంచి. ఆమె ఒడిలో పసుపు గుడ్డ మూట ఉంది. రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

అది ముడుపు. అంతకు రెండేళ్ల ముందు నేను గుండెజబ్బుతో అనంతపురం ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు నా కోసం మొక్కుకున్నది. నా మంచానికి ఎదురుగా గోడకు తగిలించిన క్యాలెండరులో నేపాలు పశుపతినాథుడి బొమ్మ ఉండేది. నేను లేచి నడిస్తే అంత దూరమూ వచ్చి ఆయన హుండీలో ముడుపు వేస్తానని ఆ బొమ్మకే దండం పెట్టింది. అందులో నా పింఛను డబ్బు ఒక్క రూపాయి లేదు. ధర్మవరంలో మా పక్కింటి మగ్గానికి దారం కండెలు చుట్టి, రోజుకూలిలోంచి ఒక నోటు తీసి పెట్టేది. పదులు, ఇరవైలు, ఎప్పుడన్నా ఒక యాభై. పసుపు నీళ్లలో ముంచిన గుడ్డ ఆరకముందే నోట్లు పెట్టడం మొదలుపెట్టింది కాబట్టి కొన్నిటి అంచులు పచ్చబడ్డాయి. ప్రయాణం ఖాయమయ్యాక రెండు ముడులు వేసి కట్టేసింది. కట్టిన ముడుపును దేవుడి ముందు తప్ప విప్పకూడదు. ఈ సంగతి మా ఇళ్లల్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

నాలుగో రోజు మధ్యాహ్నం సునౌలీ దగ్గర నేపాలు సరిహద్దు చేరాము. లారీల వరుస కదలడం లేదు. బావమరిది కారు అనుమతి కాగితం కోసం వరుసలో నిలబడ్డాడు. మా ఆవిడ మొహం కడుక్కోవడానికి హోటలు వెనక్కి వెళ్తూ మూట నా చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకోండి. కింద పెట్టొద్దండి."

కింద పెట్టలేదు. రోడ్డు పక్కన బల్ల వేసుకుని డబ్బు మార్చే మనిషి దగ్గరికి దాన్ని తీసుకుపోయాను.

మన పెద్ద నోట్లు అప్పట్లో అవతల చెల్లేవి కావు. అది ఎక్కడో చదివి, నా డైరీలో 'డబ్బంతా సరిహద్దులోనే మార్చుకోవాలి' అని రాసుకుని, 'అంతా' కింద గీత కూడా గీశాను. ముందు నా ఐదువందల నోట్లు మార్చాను. తర్వాత చేతిలో మూట చూసుకున్నాను. అంత దూరం తెచ్చి దేవుడి హుండీలో చెల్లని డబ్బు వేస్తామా అనిపించింది. ముడి విప్పాను. ఆ చిల్లర నోట్లు చూసి అతను హిందీలో "ఇవి కూడానా?" అన్నాడు. అన్నీ అన్నాను. ఇచ్చిన నేపాలీ నోట్లను అదే గుడ్డలో పెట్టి, ఆమె వేసినట్టే రెండు ముడులు వేశాను. ఆమె వచ్చాక తిరిగి చేతిలో పెట్టాను. సాయంత్రం చెబుదాములే అనుకున్నాను.

అవతల కొంత దూరం పోయాక టీ కోసం ఆగాము. బావమరిది జేబులోంచి మన పది నోట్లు తీసిస్తే ఆ కొట్టు ఆవిడ మాట్లాడకుండా తీసుకుంది.

"చూస్తివా బావా, మన దుడ్లే తీసుకుంటాండారు! పెద్ద నోట్లకే అంట తిప్పలు. నీ నాలుగు పేజీలూ దండగ!"

"అయితే నా ముడుపుకు ఏం భయం లేదు" అని మా ఆవిడ నవ్వుతూ మూటను తడిమింది. మళ్లీ తడిమింది. చిన్న నోట్ల లావు లేదు.

"విప్పినారా?"

"మార్చినాను. చెల్లవేమోనని."

ఆమె గ్లాసు కింద పెట్టింది. బావమరిది నవ్వు ఆపేశాడు. "అక్కా, బండి వెనక్కి తిప్పుదునా?"

"తిప్పితే ఏమొస్తాదిరా. విప్పింది విప్పినట్టే."

గుడిలో ఆ మూటను హుండీలో వేసింది. దండం పెట్టుకుంటూ కళ్లు మూసుకోలేదు. నా వైపు చూస్తూ ఉంది.

తిరుగు దారిలో ఆ బల్ల దగ్గరే కారు ఆపించి, అంచు పచ్చబడిన నోట్లు ఏమన్నా ఉన్నాయేమో చూడమని బతిమాలాను. అతను నవ్వాడు. అయినా కట్టలు విప్పి చూపించాడు. ఒక్క పది నోటు దొరికింది. తెచ్చి ఆమెకిచ్చాను.

"దేవుడి దగ్గర నుంచి వస్తాండాము. దీన్ని ఇప్పుడు యాడ వేసేది?" అంది. కానీ తీసుకుంది.

ఆ రోజు డైరీలో నేను రాసింది ఇంతే: 'సరిహద్దులో డబ్బు మార్చాము. ప్రయాణం సుఖం.'

ఆ తర్వాత నాకు కాస్త ఆయాసం వచ్చినా ఆమె మొహం మారిపోయేది. "మొక్కు చెల్లిందో లేదో" అనేది, నాతో కాదు, కండెలతో అన్నట్టు. నాకేమీ కాలేదు. పోయిన ఏడాది ఆమెకే జ్వరం తగిలి, వారం తిరక్కుండానే పోయింది.

పెద్దకర్మ అయ్యాక బావమరిది ఆమె ఇనుప పెట్టె తెరిచాడు. చీరల అడుగున పసుపు గుడ్డలో కొత్త ముడుపు ఉంది. లావుగానే ఉంది. తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచి కండెలు చుట్టి కూడబెట్టిందన్నమాట, నాకు తెలియకుండా.

"విప్పి చూద్దామా బావా, ఏముండాదో?"

"వద్దు."

డాక్టరు నన్ను అంత దూరం పోనివ్వడు. మొన్న బావమరిదే నేపాలుకు ప్రయాణమయ్యాడు. బయలుదేరే ముందు ఆ పాత డైరీ తీసి, ఆనాటి రెండు ముక్కల కింద ఇంకో రెండు రాశాను: 'ముడుపు నేనే విప్పాను. ఆమెను అడగలేదు.' తర్వాత మూట తెచ్చి అతనికిచ్చాను.

"జాబితా ఏమన్నా ఉండాదా బావా?" అన్నాడు, నవ్వించాలని.

"లేదురా. కింద పెట్టొద్దు, అంతే."