ఎర్రచుక్క గ్లాసు

మొన్న ఆకివీడు వెళ్ళినప్పుడు, దాహమేసి అలమరలో చేతికందిన స్టీలు గ్లాసు తీసుకున్నాను. మా మేనల్లుడి కూతురు, ఈమధ్యే బడిలో వేశారు దాన్ని, పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టేసుకుంది. "అది నాది అమ్మమ్మా! ఎర్రచుక్కది ఎవరికీ ఇవ్వను" అంది. తిప్పి చూద్దును కదా, అడుగున గోళ్ళరంగు చుక్క, సగం అరిగిపోయి ఉంది. నాకిక దాహం గుర్తులేదు. ఆ చుక్క పెట్టింది మా ఆడపడుచు, అంటే ఈ పిల్ల మామ్మ.

ఆవిడ మా ఆయనకి అక్క. నేను వదినగారూ అని పిలిచేదాన్ని. తాడేపల్లిగూడెంలో పుట్టి కొల్లేటి వైపు కాపరానికి వెళ్ళింది. ఇంటికి మూడు వైపులా చేపల చెరువులే, నాలుగో వైపు ఐసు లారీలు పోయే రోడ్డు. మాట్లాడితే లారీ హారను మీద కూడా వినపడే గొంతు ఆవిడది. పిల్లలు ఎంతమంది చేరితే అంతమందినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, ఒకే పళ్ళెంలో కొర్రమీను పులుసన్నం కలిపి ముద్దలు పెట్టేది. ఎవరి ఎంగిలి ఎవరు తిన్నారో అక్కడ అడిగేవాళ్ళు లేరు. ముల్లు గుచ్చుకుందని ఒక్క పిల్లాడూ ఏడవలేదు. అలాంటి మనిషికి దగ్గు పట్టుకుంది.

మంచుకి వచ్చిందిలే అనుకున్నాం. ఎండలు ముదిరినా పోలేదు. ఎక్స్‌రేలో మచ్చ కనపడింది. కళ్ళె పరీక్షలో ఏమీ తేలకపోయినా టీబీ మందులు మొదలెట్టారు. ఆ డాక్టరుగార్ని అనడానికి లేదు, మా వైపు దగ్గూ మచ్చా చిక్కిపోవడమూ కలిస్తే ఎవరికైనా ముందు తట్టేది అదే. ఆ రోజే వదిన కోడలి గోళ్ళరంగు సీసా అడిగి తీసుకుని, తన గ్లాసుకీ పళ్ళేనికీ చుక్క పెట్టుకుంది. అప్పటికి కోడలికి నెలలు నిండాయి. ఆడపిల్ల పుట్టింది. వదిన వసారాలో మంచం వేసుకుని గుమ్మం దాటి లోపలికి రావడం మానేసింది. చర్చిలో కూడా వెనక బల్ల మీద ఒక్కతే కూర్చునేది. "మందులు పడ్డాక కొన్నాళ్ళకి ఇక అంటుకోదన్నారు కదండీ, ఎత్తుకోండి వదినగారూ" అని నేను పోరితే, "ఆ సంగతి నీకు చెప్పారు, నా దగ్గుకి చెప్పారా?" అని కొంగు మూతికి అడ్డం పెట్టుకునేది. కిటికీ లోంచే జోలపాట పాడేది. సగంలో దగ్గొచ్చేది, పాట ఆగిపోయేది. కోర్సు అయ్యాక ఎత్తుకుంటాను అని ఆ ఒక్క మాటే పట్టుకుంది.

కోర్సు అయింది, దగ్గు పోలేదు. కళ్ళెలో నెత్తుటి జీర కనపడేసరికి ఏలూరు తీసుకెళ్ళాం. స్కానింగు తీశారు, గొట్టం వేసి లోపలి ముక్క తీసి పరీక్షకి పంపారు. "చుట్ట అలవాటుందా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే, "మా ఆయన నా వంతు కూడా కాల్చేసి వెళ్ళిపోయారండీ. నేను ఊదింది పొయ్యిగొట్టం ఒక్కటే" అంది. డాక్టరమ్మ నవ్వి, పక్కవాళ్ళ పొగా పొయ్యి పొగా కూడా ఊపిరితిత్తుల్లోకే పోతాయనీ, ఏ పొగా ఎరగనివాళ్ళకీ ఒక్కోసారి ఈ గడ్డలు వస్తాయనీ చెప్పింది. రిపోర్టు వచ్చిన రోజున మా మేనల్లుడు ముందుగా విని, వరండాలో గోడకేసి తిరిగి నిలబడిపోయాడు. లోపల డాక్టరమ్మ మెల్లిగా, "టీబీ కాదమ్మా, క్యాన్సరు" అంది. నేను వదిన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"అయితే ఇది అంటుకోదాండీ?" అంది వదిన.

"అంటుకోదమ్మా."

"పసిపిల్లకైనా?"

"ఎవరికీ అంటుకోదు."

"విన్నావటే అమ్మాయ్!" అని నా వైపు తిరిగింది. ఆ మొహంలో వెలుగు చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఇంటికొచ్చి, స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని బిడ్డని ఎత్తుకుంటే, ఆ పిల్ల కొత్త మనిషని ఇల్లెగిరిపోయేలా ఏడిచింది. "అరువ్, మీ తాత మీద అరిచిన గొంతే ఇది, నీకు భయపడతానా?" అంది తప్ప కిందికి దించలేదు.

ముందే దొరికితే కోసి తీసేద్దురట. అప్పటికే రెండో వైపుకి పాకి, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ముక్కకి ఇంకో పరీక్ష చేయించి, ఈ రకానికి రోజుకో మాత్ర పనిచేస్తుందన్నారు. నయం చెయ్యదు, అదిమి పెడుతుందని కూడా దాచకుండా చెప్పారు. దగ్గు తగ్గింది, అన్నం సయించింది. మొహం నిండా మొటిమల్లాంటి పొక్కులు వస్తే, "ఈ వయసులో నాకు పెళ్ళిచూపులేవిటో" అనేది. ఏడాది పైచిలుకు మనవరాలికి ముద్దలు పెట్టింది, వేలు పట్టి నడిపించింది. ఆ తర్వాత జబ్బు మాత్రకి లొంగడం మానేసింది. సెలైనులో కలిపి మందు ఎక్కించారు. నోరు పూసింది, మనిషి మంచానికి అతుక్కుపోయింది. ఆఖరికి డాక్టరమ్మే ఇక బాధ లేకుండా చూద్దామని నొప్పికీ ఆయాసానికీ మందులిచ్చి ఇంటికి పంపింది. పోయే ముందు రోజు, "నా గ్లాసుతో నీళ్ళు తేవే" అని పిల్లని పిలిచింది. అది సగం ఒలకబోసుకుంటూ తెచ్చింది. వదిన పెదవులు తడుపుకుంది, మిగిలినవి పిల్ల తాగేసింది. ఆవిడ వద్దనలేదు, చూస్తూ పడుకుంది.

మామ్మ గుర్తుందా అని మొన్న అడిగితే, లేదని తలూపింది పిల్ల. ఎవరూ ముట్టుకోకూడదని ఆవిడ పెట్టుకున్న చుక్కని బట్టే తన గ్లాసు వెతుక్కుంటోంది. తోమగా తోమగా ఆ సగమూ పోతుంది. మనం ఎన్ని చుక్కలు పెట్టుకున్నా, కాలం ఎవరి గ్లాసునీ ఎంతోకాలం విడిగా ఉంచదు.