పరుపుగుడ్డ చొక్కా

ఆ ఏడు కార్తీకంలో వచ్చిన తుఫాను మా షాపు బోర్డు ఒక్కదాన్నే ఎత్తుకుపోయింది. చిల్లకూరు దగ్గర హైవే పక్కన చిన్న షాపు మాది. ముందు సగంలో నేను జాకెట్లు, చుడీదార్లు కుడతాను. వెనక సగంలో మా ఆయన దూది ఏకి పరుపులు, దిండ్లు చేస్తాడు. వాళ్ల తాతల నాటి నుంచీ అదే పని. గాలివాన తగ్గిన మర్నాడు బోర్డు కోసం పొలాల వెంట తిరుగుతుంటే ఎవరో చెప్పారు: పులికాట్ సరస్సులోని ఒక దీవి మీదికి నీళ్లొచ్చాయనీ, ఇళ్ల కప్పులు లేచిపోయాయనీ, ఊరు ఊరంతా తుఫాను షెల్టరులోనే ఉందనీ.

ఆ సాయంత్రమే మా వీధిలో బట్టలు పోగెయ్యడం మొదలైంది. షాపు రోడ్డు మీదికి ఉండటంతో మూటలన్నీ తెచ్చి నా మిషను చుట్టూ పడేశారు. కూర్చోవడానికి చోటు లేక మూట మీదే కూర్చుని జాకెట్లు కుట్టాను. మా అన్న చిన్న ట్రక్కు తోలతాడు. బియ్యం, నీళ్ల క్యాన్లు, బట్టల మూటలు అందులోకెక్కించాం. ఆడవాళ్ల బట్టలు పంచడానికి ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందని నన్నూ ఎక్కించారు.

రోడ్డు ఆగిపోయిన చోట పడవ ఎక్కాలి. అంతకు ముందు నేను పడవెక్కి ఎరగను. సరస్సు టీ రంగులో ఉంది. కొట్టుకొచ్చిన తాటాకులు, ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరింటిదో తలుపు రెక్క నీళ్ల మీద తేలుతున్నాయి. పడవ నడిపే ఆయన దీవి మనిషే. ఆ తలుపు కనిపించగానే పడవ అటు తిప్పి, దాన్ని తాడుతో కట్టి వెంట లాక్కొచ్చాడు.

"మీదా అన్నా?" అని అడిగాను.

"ఎవురిదో ఒకరిది గదా" అన్నాడు.

షెల్టరు కింద ఆడవాళ్లంతా చేరారు. ముందు నిలబడింది పడవాయన తల్లి. బక్కపలచని ముసలావిడ. ఆమె గొంతు మాత్రం సరస్సు అవతలికి వినపడేలా ఉంది. నేను మొదటి మూట విప్పాను. పైన ఉన్నది నల్ల కోటు. మగపెళ్లివాళ్లు రిసెప్షన్లో వేసుకునే రకం. దాని కింద జీన్స్ ప్యాంట్లు, జరీ అంచు పరికిణీలు, ఒక టై. రెండో మూట కూడా అంతే. షాపులో అన్నాళ్లు ఆ మూటల మీద కూర్చుని కూడా ఒక్కటీ విప్పి చూడలేదు నేను.

ముసలావిడ కోటు అందుకుని చీర మీదే తొడుక్కుంది. చేతులు మోకాళ్ల దాకా వేలాడాయి.

"ఇది ఏసుకోని రొయ్యలేరమంటావా మ్మే?" అంది.

అంతే, ఒకటే నవ్వులు. మెట్ల మీద కూర్చున్నవాళ్లు, చంకలో బిడ్డలున్నవాళ్లు, బియ్యం మూటలు మోస్తున్న మగవాళ్లు కూడా ఆగి నవ్వారు. నా మొహం ఎర్రబడటం చూసి ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది.

"నవ్వినామని ఏమనుకోబాక. తుఫానొచ్చినకాడ్నుంచీ నవ్వే పనే లేకపాయె మాకు. నీదేం పని బిడ్డా?"

"కుట్టుపని అవ్వా."

"మరి మిషను తేకుండా మూటలు తెచ్చినావే!"

ఆ మాట ఇంటిదాకా నా వెంటే వచ్చింది. మా ఆయనకు చెప్పాను. ఆయన తక్కువ మాటల మనిషి. దూది ఏకడం ఆపి, "నిన్నొక్కదాన్నే పంపిస్తే మిషన్ను నీళ్లపాలు చేస్తావు. నేనూ వస్తా" అన్నాడు.

కాలితో తొక్కే పాత ఇనప మిషను అది. పడవ మధ్యలో పెట్టి తాళ్లతో కట్టారు. మా ఆయన దాని పక్కనే గొంతుక్కూర్చుని, రెండు చేతులతో దాన్ని కావలించుకుని, కళ్లు మూసుకున్నాడు. పడవాయన గెడ వేస్తూ చూసి చూసి అన్నాడు:

"సాయిబన్నా, పడవ మిషన్ను పట్టుకోనుండాది. మిషను నిన్ను పట్టుకోనుండాది. నువ్వు కళ్లు తెరిస్తే పొయ్యేదేం లేదు."

మా ఆయన ఒక కన్ను తెరిచాడు.

షెల్టరు పై అంతస్తులో, కిటికీ పక్కన మిషను పెట్టుకున్నాం. ఒంటి మీది బట్టలతో బయటపడిన వాళ్లు వాళ్లు. మిగతా మూటల్లో దొరికిన జాకెట్లేమో ఒకరికి వదులు, ఒకరికి బిగుతు. విప్పి, తగ్గించి, పెంచి కుట్టి ఇస్తుంటే తొడుక్కుని అక్కడే ఒకరికొకరు చూపించుకున్నారు. ఎవరికీ అక్కరకు రాని కోట్లు, జీన్స్ ప్యాంట్లు మూలన గుట్టగా మిగిలాయి. మా ఆయన ఆ గుట్టను తట్టి చూశాడు. తర్వాత నేల మీద చెయ్యి పెట్టి చూశాడు. సిమెంటు నేల చల్లగా జిల్లుమంటోంది. పిల్లలంతా దాని మీదే పడుకుంటున్నారు.

"బొంతలు కుట్టుకుంటే?" అన్నాడు.

బొంత కుట్టడం రాని ఆడమనిషి ఆ దీవి మీద లేదు. నేను కోట్లు కోసి ముక్కలు చేశాను. గుండీలు ఊడదీసి డబ్బాలో వేశాను. మిషను మీద ముక్కలు అతికితే, వాళ్లు చుట్టూ కూర్చుని చేత్తో దారం వేసుకుంటూ పోయారు. జీన్స్ పక్కన జరీ, జరీ పక్కన స్కూలు యూనిఫాం. ఒక బొంత మధ్యలో టైని వంకీలుగా పెట్టి పాములా కుట్టారు. ఆ బొంత కోసం పిల్లలు కొట్టుకున్నారు.

మిషను దగ్గర నుంచి కదలనిది ముసలావిడ మనవరాలు. పడవాయన కూతురు. కార్తీకంలోనే దాని పెళ్లి కావలసింది. తుఫానుతో ఫాల్గుణానికి వాయిదా పడింది. పెళ్లి కోసం కొన్న పట్టుచీర ఉప్పునీళ్లలో నాని అట్ట కట్టిందట. వాననీళ్లలో మళ్లీ మళ్లీ జాడించి నీడన ఆరేసింది. రంగు బాగా వెలిసింది గానీ చీర నిలబడింది.

"వేరేది చూసుకోరాదా?" అన్నాను ఒకసారి.

"తుఫానే తీసకపోలా దీన్ని. నేనెందుకు వదిలిపెడతానక్కా?" అంది.

దానికి మిషను తొక్కడం ఇట్టే పట్టుబడింది. మొదట్లో కుట్టు వంకరపోతే తనే విప్పుకుని మళ్లీ వేసేది. తర్వాత్తర్వాత నన్ను లేపి తనే కూర్చునేది. మేం ఇంటికి వచ్చేటప్పుడు మిషన్ను వాళ్లకే వదిలి వచ్చాం. షాపులో నాకు ఇంకొకటి ఉంది. వీలైనప్పుడల్లా దారాలు, సూదులు తీసుకుని వెళ్లొచ్చేవాళ్లం.

వెళ్లిన ప్రతిసారీ దీవి కొత్తగా కనపడేది. ముందు సరుగుడు కట్టెలు నిలబడ్డాయి. తర్వాత వాటి మీద తాటాకు. ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకోవడం కాదు, ఊరంతా కలిసి ఒక ఇంటి మీద పడి కప్పేసి ఇంకో ఇంటికి పోయేవారు. పగిలిన పడవలకు కొత్త పలకలు పడ్డాయి. నీళ్లలో దొరికిన ఆ తలుపు ఎవరిదని ఎంత అడిగినా తేలలేదు. చివరికి పడవాయన ఇంటికే బిగించారు. సర్కారు పక్కా ఇళ్లకు పునాదులు తవ్వుతున్నప్పుడు ముసలావిడ ఆ గుంటల అంచున స్టూలు వేసుకుని కూర్చుని, ఏ గది ఎక్కడ వస్తుందో వచ్చినవాళ్లకల్లా చూపించేది. "ఇది వంటగది. చూసి నడువు, పొయ్యి తొక్కతుండావు" అని నన్ను కేకలేసింది. అక్కడ ఉత్త ఇసక తప్ప ఏమీ లేదు.

పెళ్లికి మమ్మల్ని ముందురోజే రమ్మన్నారు. కొత్త జంటకు దిండ్లు చేసివ్వాలని మా ఆయన దూది, నీలం చారల తెల్ల పరుపుగుడ్డ తాను తీసుకొచ్చాడు. తెల్లారేసరికి ఇంటి ముందు పందిరి, మైకులో పాటలు, పెద్ద పెద్ద గిన్నెల్లో వంట. పెళ్లికొడుకుది అవతలి ఒడ్డున ఇంకో పల్లె. వాళ్ల పడవలు దూరంగా కనిపించాయి. కనిపించినవి కనిపించినట్టే ఆగిపోయాయి.

ఫాల్గుణానికి సరస్సులో నీళ్లు తగ్గుతాయి. దానికి తోడు ఆ పొద్దు గాలి నీళ్లను అవతలికి తోసేసింది. పడవలు బురదలో కూరుకుపోయాయి. మేం ఒడ్డున, వాళ్లు అక్కడ. అయ్యవారు పంచాంగం మూసి ముహూర్తం మించిపోతోందని గొణగసాగాడు. ముసలావిడ నీళ్లంచుకు వెళ్లి నోటికి చేతులు అడ్డం పెట్టుకుంది.

"అబ్బయా! పెళ్లి కావాల్నా వద్దా? కావాలంటే దిగి నడువు!"

అవతలి పడవలో నుంచి ఒక పొడుగాటి మనిషి లేచాడు. పంచె ఎగ్గట్టి దిగాడు. మోకాళ్ల లోతు బురద. నాలుగడుగులు బాగానే వేశాడు. ఇటు ఒడ్డు మీద జనం ఈలలు వేస్తుంటే ఊపు వచ్చిందేమో, చెయ్యెత్తి ఊపబోయి నిలువునా బోర్లా పడ్డాడు. లేచాడు. మళ్లీ పడ్డాడు. ఒడ్డుకు చేరేసరికి కళ్లు, పళ్లు తప్ప ఇంకేమీ తెల్లగా లేవు. అతని వెనకే వాళ్లమ్మ, బట్టల సంచీ నెత్తిన పెట్టుకుని వస్తూ, చివరి అడుగులో సంచీతో సహా కూలబడింది.

బోరింగు కింద కూర్చోబెట్టి బిందెలతో నీళ్లు కుమ్మరించారు. పంచెకేం, పడవాయన తన కొత్త పంచె తెచ్చిచ్చాడు. చొక్కా దగ్గరే వచ్చింది చిక్కు. పెళ్లికొడుకు మనిషి దూలంలా ఉన్నాడు. దీవి మగవాళ్లంతా సన్నటి మనుషులు. ఎవరి చొక్కా తెచ్చినా ఒక భుజం దూరితే రెండో భుజం దూరదు.

"ఉత్తరీయం కప్పితే సరిపోదా?" అన్నాడు అయ్యవారు.

"ఫొటోల్లో చొక్కా లేకుండా ఎట్టా అయ్యా! మాకుండేది ఒక్క కొడుకు" అని వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

అందరూ నా వైపు చూశారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పరుపుగుడ్డ తాను విప్పి పరిచాడు. దిండ్ల గుడ్డ. నీలం చారలు. అంతకంటే వేరే దారి లేదు. పెళ్లికొడుకు చేతులు బార చాపి నిలబడ్డాడు. టేపు అతని ఛాతీ చుట్టూ తిప్పడానికి నేను స్టూలెక్కాల్సి వచ్చింది. గుడ్డ కత్తిరిస్తుండగానే వెనక నుంచి మిషను తిరిగిన చప్పుడు. చూస్తే పెళ్లికూతురు. నుదుట బాసికం, బుగ్గన చుక్క, వెలిసిన పట్టుచీర మోకాళ్ల దాకా సర్దుకుని మిషను ముందు కూర్చుంది.

ముసలావిడ గుండెలు బాదుకుంది. "బాసికం కట్టుకోని మిషను తొక్కేదేంది మే! ఎవురన్నా ఇంటే నవ్వతారు!"

"నవ్వనీ అవ్వా. ఈడికి చొక్కా కుట్టకపోతే నాకు పెళ్లెట్టా అవతాది?"

నేను కత్తిరించడం, అది కుట్టడం. గాజులు గలగలా, మిషను టకటకా. మా ఆయన ఒక పక్క కాజాలు తీస్తూ, కోట్ల నుంచి ఊడదీసిన గుండీల డబ్బాలోంచి ఏరి కుట్టాడు. అన్నీ ఒక రకానివి దొరకలేదు. ఒకటి బంగారు రంగుది, ఒకటి నల్లది. పెళ్లికొడుకు గుమ్మంలో నిలబడి తన చొక్కా పుట్టడం చూస్తూ ఉన్నాడు. కాలరు కుట్టేటప్పుడు పెళ్లికూతురు తలెత్తకుండానే, "మెడ కొంచెం వంచు, చూడాల" అంది. అతను బుద్ధిగా వంచాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

చొక్కా తొడిగాక చూస్తే, నిజం చెప్పాలి, నడిచే దిండులానే ఉన్నాడు. అయినా భుజాల దగ్గర కుట్టు ఎంత చక్కగా కుదిరిందో! అయ్యవారు కూడా నవ్వేసి మంత్రాలు అందుకున్నాడు. తాళి కట్టేటప్పుడు చంకలో పిగిలిపోతుందేమోనని నేను ఆ కుట్టు వైపే చూస్తూ ఉన్నాను. పిగల్లేదు. తర్వాత నీళ్లు కాస్త పెరిగి పడవలు కదిలి, మిగతా పెళ్లివాళ్లు వచ్చేసరికి భోజనాల వేళ అయింది. ఏం జరిగిందో వాళ్లకు చెప్పడానికి ఊరంతా పోటీ పడింది. అందరూ ఒకేసారి చెప్పడంతో వాళ్లకేమీ అర్థం కాలేదు. మా ఆయన మధ్యాహ్నం షెల్టరు మేడ మీద నమాజు చేసుకుని దిగి వచ్చేసరికి, ముసలావిడ ఆయన కోసం విస్తరి వేసి పక్కనే కూర్చుని ఉంది.

ఆ పిల్ల ఇప్పుడు అత్తగారి ఊళ్లో సొంత మిషను పెట్టుకుంది. మొన్నటి వానాకాలంలో మళ్లీ తుఫాను హెచ్చరిక వచ్చింది. పొద్దున్నుంచీ నాకు పనిలో చెయ్యి ఆడలేదు. మధ్యాహ్నం ఫోను మోగింది. దీవి మీద నుంచి ముసలావిడ.

"అందరం ముందే షెల్టరు పైకొచ్చేసినాం బిడ్డా. పడవలు కట్టేసినాం. పక్కాయిళ్లకేం కాదంట. పొయ్యి మీద పీతల పులుసు ఉడకతా ఉండాది."

ఆమె వెనక వాన హోరు. దాన్ని మించి పిల్లల కేకలు, ఎవరో ఎవరినో ఆటపట్టిస్తున్న నవ్వులు. ఇంత గోలేమిటి అవ్వా అని అడిగాను.

"దాగుడుమూతలు. నన్ను దొంగ చేసినారు. ఉండు, లెక్కబెట్టాల" అని ఫోను పెట్టేసింది.