రెండు మోకాళ్ల వాతలు

చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1963 ఎండాకాలంలో, సైనిక వైద్య విభాగంలో కెప్టెన్‌గా ఉన్న నన్ను భర్తీ పరీక్షల కోసం కరీంనగర్ పంపారు. జవాన్లు కావాలని పైనుంచి ఒత్తిడి. భర్తీ అధికారిగా వచ్చిన మేజరు ఊరికే నా గుడారంలోకి తొంగిచూసి ఎంతమంది పాసయ్యారని అడిగేవాడు. నాకు ఒకచోట కూర్చోబుద్ధి అయ్యేది కాదు. తొందరలో ఎవరినో తప్పుగా పంపేస్తానని ఒకటే గుబులు.

చొప్పదండి నుంచి వచ్చిన రాజేశం పరుగులో అందరికంటే ముందు వచ్చాడు. నేత కుటుంబం, పేరున్న కబడ్డీ ఆటగాడు. ఆటగాళ్లంటే మేజరుకు మోజు. ఇతన్ని ఎక్కువసేపు ఆపకండని నాతో చెప్పి మరీ వెళ్లాడు.

లాగు మడిచి నిలబడమన్నాను. రెండు మోకాళ్ల మీదా వాతలున్నాయి. ఆ వైపు పల్లెల్లో కీలు పట్టేస్తే కడ్డీ కాల్చి వాత పెట్టడం మామూలే. కానీ కుడివైపువి పాతవి, నల్లబడ్డాయి. ఎడమవైపువి పచ్చిగా బొబ్బలెక్కి ఉన్నాయి. ఏమిటివి అంటే, "చిన్నప్పుడు నొప్పులకు పెట్టిండ్రు సార్" అన్నాడు. చిన్ననాటి బొబ్బలు ఇంకా ఆరలేదంటే ఎవరు నమ్ముతారు?

పడుకోబెట్టాను. మోకాలు పూర్తిగా మడిచి, పాదం పక్కకు తిప్పుతూ మెల్లగా చాపిస్తాం. ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి చిరిగి ఉంటే కీలు మీద పెట్టిన చేతికి టక్కుమని తగులుతుంది. కుడి మోకాలిలో తగిలింది. టేపుతో కొలిస్తే కుడి తొడ సన్నబడింది. నొప్పి ఉన్న కాలిని మనిషి తెలియకుండానే తక్కువ వాడతాడు, కండ తరుగుతుంది. ఇక దాచలేక చెప్పాడు: "పోయినేడు కబడ్డీల కూతకు పోతే పట్టుకున్నరు సార్, మోకాలు తిరిగింది."

తిన్నగా పరుగెత్తినంతసేపూ ఇలాంటి దెబ్బ బయటపడదు. వీపున బరువుతో కందకంలో గిరుక్కున తిరిగితే కీలు పట్టేస్తుంది, పక్కవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. అనర్హుడని రాశాను. మేజరు విసుక్కున్నాడు. రాజేశం మాత్రం, "ఆటగాళ్లు కావాలన్నరు గద సార్, ఆటలనే గిట్లయింది" అన్నాడు.

రాజేశం వెంట గుడారం బయటికి వస్తే అతని తండ్రి మల్లేశం నిలబడి ఉన్నాడు. రెండో మోకాలికి వాతలు పెట్టించింది తానేనన్నాడు. "ఒక్కదానికే ఉంటె మీరు గుర్తుపడ్తరని, రెండూ ఒక్క తీరుగ చేయించిన." నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ బొబ్బలే లేకపోతే, మేజరు తొందరకు నేను అంత పట్టి చూసేవాణ్ని కానేమో.

తర్వాత అతను అడిగింది నేను ఊహించలేదు. "మిలిట్రీకి పనికిరాడు, సరే. నా కాళ్లు వాచినయి సార్, నేనిగ మగ్గం తొక్కలేను. గీ పోరడు మగ్గానికన్నా పనికొస్తడా, గదీ లేదా?"

గుంటమగ్గంలో దిగి కూర్చుంటే రెండు కాళ్లూ కింది చెక్కలు తొక్కుతూనే ఉండాలి. తొక్కడమే తప్ప మోకాలు మెలితిప్పే పని లేదు కనుక పనికొస్తాడని చెప్పాను. బొబ్బలు మానేదాకా ఆగాలి, కబడ్డీ మానాలి. మల్లేశం ఆ మాట మళ్లీ చెప్పించుకుని నెమ్మదించాడు.

"మగ్గమే తొక్కేదుంటే గింతగనం ఎందుకు ఉరుకుతుంటి బాపు" అన్నాడు రాజేశం, మా ఇద్దరి వైపూ చూడకుండా.

అనర్హుడు అన్న మాట మేము ఒక్క ఉద్యోగానికి రాస్తాం. వినేవాళ్లు బతుకంతటికీ వింటారు. ఆ తర్వాత ఎవరిని తిప్పి పంపినా, ఏ పనికి పనికొస్తాడో కూడా చెప్పి పంపాను. ఆ పని అతనికి కావలసినది కాకపోవచ్చునని తెలిసే చెప్పాను.