అక్క అడిగిన అడవి

అక్క జీవితమంతా నర్సుగా పనిచేసింది. అందుకే స్కాన్ రిపోర్టు తనే చదివేసుకుంది, మాకు అబద్ధం చెప్పే వీలు లేకుండా. రాయ్‌పూర్ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశాక, భిలాయ్ వైశాలి నగర్‌లో అక్కాబావల ఇంటి వెనకగదిలో మంచం వేసి, పక్కన అద్దె ఆక్సిజన్ సిలిండర్ పెట్టాం. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ.

నేను క్యాంప్ 1లో మా ఇంటి నుంచి రోజూ ఆటోలో వెళ్లేదాన్ని. స్కూల్లో పిల్లలకి డ్రాయింగ్ చెప్తాను, అప్పుడు ఎండాకాలం సెలవులు. ఒకరోజు అక్క అంది: "ఆ గోడ సూళ్లేకపోతన్నానే. నాకో అడవి ఎయ్యి."

"ఏ అడవక్కా?"

"ఏదీ కాదు. ఎక్కడా నేని అడవి. మనుషులుండకూడదు."

మర్నాడు తన మంచం పక్కనే కూర్చుని, కాగితాన్ని చెక్కకి టేపుతో అంటించి స్పాంజితో తడిపాను. ఆ తడి ఉండగానే లేత పసుపు, దానిమీద నీలం పాకాలి. దూరపు చెట్లు మంచులో ఉన్నట్టు వాటంతటవే విచ్చుకోవాలి. కానీ భిలాయ్ ఎండకి, కూలర్ గాలికి, బ్రష్షు తిప్పేలోపే కాగితం ఆరిపోయి రంగు అంచులు కట్టేసేది. కూలర్ ఆపితే అక్కకి ఊపిరాడదు. మళ్లీ తడుపుతూ, మళ్లీ వేస్తూ పోయాను. నీటిరంగుల్లో తెలుపు వేయం, కాగితాన్నే వదిలేస్తాం. కొమ్మల మధ్య రెండు మూడుచోట్ల అలా వెలుగు వదిలాను. దగ్గరి చెట్లకి ముదురాకుపచ్చ దట్టించాను.

ఐదోరోజు చూపించాను. అక్క చాలాసేపు చూసింది.

"దారి నేదేటే?"

"మనుషులుండకూడదన్నావు కదా."

"మరి నానెల్లొద్దేటి?"

దారి తెరుద్దామని ఆరిపోయిన ఆకుపచ్చని తడి బ్రష్షుతో రుద్ది, గుడ్డతో అద్ది తీయబోయాను. కాగితంలోకి ఇంకిపోయిన రంగు రాదు. పిల్లలకి ఆ మాట చెప్పేది నేనే. అయినా రుద్దాను. కాగితం నూగు లేచి, అడవి మధ్యలో బురద మరక తేలింది.

"పాడు సేసీసేనక్కా."

"పోనీలే. ఇంకోటి ఎయ్యి."

రెండోది పొద్దున్నే వచ్చి, ఎండెక్కకముందే వరండాలో వేశాను. ఈసారి దారిని ముందే వదిలాను. చెట్లకిందుగా సన్నగా వెళ్లి, ఎడమకి తిరిగే దారి. నాలుగు రోజులు పట్టింది. నేను వేసినవాటిలో అంత బాగా కుదిరింది మరొకటి లేదు.

అప్పటికి నొప్పి మందు మోతాదు పెంచారు. బొమ్మని అక్క కళ్లెదుట పట్టుకున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి.

"దీదీ, థోడా పానీ దేనా," అని హిందీలో నీళ్లడిగింది. నన్ను వార్డు ఆయా అనుకుంది.

"అక్కా, నేనే. అడవి ఏసేను, సూడు."

"దీదీ, పానీ."

బొమ్మని గోడకి ఆనించి, చెంచాతో నీళ్లు పట్టాను. సగం గడ్డం మీదుగా కారిపోయాయి. తర్వాత రెండు రోజులే ఉంది. ఆ రెండు రోజులూ నేను ఆయానే.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు బావ ఆ గది సర్దుతున్నాడు. గోడ దగ్గరున్న బొమ్మని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేటమ్మా?"

"అడవి బావా. అక్క ఎయ్యమంది."

"బాగుంది," అని దాన్ని మంచం మీద బోర్లా పెట్టాడు. "ఇయ్యాల ఆదివారం కదా, షాపోళ్లు ఆక్సిజన్ సిలిండర్ వెనక్కి తీసుకుంటారంటావా?"

తెలీదన్నాను. ఇద్దరం చెరోవైపు పట్టుకుని సిలిండర్‌ని గేటుదాకా మోసుకొచ్చి, ఆటో కోసం నిలబడ్డాం.