టైపు మిషనుకు కొబ్బరికాయ

మా నాన్న మాట అన్నాడంటే అన్నట్టే. అందులో మంచీ ఉంది, చెడ్డా ఉంది. నేను టైపు నేర్చుకుంటానన్నప్పుడు కొన్నాళ్ళపాటు ఒప్పుకోలేదు. ఒక సాయంత్రం పొలం నుంచి వచ్చి, గాబు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, నా వైపు చూడకుండానే తేల్చేశాడు.

"సరే, నేర్చుకో. పరీక్ష మాత్రం ఒక్కసారే. ప్యాసయ్యావా, ఉద్యోగానికి ఏ ఊరైనా పంపిస్తా. తప్పావా, మళ్ళీ ఆ మిషను ఊసెత్తకూడదు."

"ఒక్కసారి చాలు," అన్నాను. నోటి దురుసు నాకు ఆయన దగ్గర నుంచే వచ్చింది మరి.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. అరవైలు అయిపోయి డెబ్భైలు మొదలవుతున్న రోజులు. ఎస్సెల్సీ ప్యాసై ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నాను అంటే ఎవరో కూర్చోనిచ్చారని కాదు. వడ్లు ఎండబోయడం, మినుములు చెరగడం, గొడ్ల చావడి ఊడవడం, అన్నీ నా నెత్తినే. ఆ పనులంటే నాకు చిన్నచూపు లేదు. కానీ నాకంటూ ఒక కుర్చీ, ఒక బల్ల, నెల తిరిగేసరికి నా చేతికి ఒక జీతం కావాలి. మా వీధిలో ఏ ఆడదానికీ అలాంటిది లేదు. అందుకే మరీ కావాలనిపించింది. తిండి కూడా సహించనంతగా కావాలనిపించింది.

రేపల్లెలో ఆడపిల్లలకు విడిగా బ్యాచి లేదు. తెనాలిలో ఉంది. పొద్దున్నే రేపల్లె పాసింజరెక్కి తెనాలిలో దిగడం, మళ్ళీ మధ్యాహ్నం బండికి ఇల్లు చేరడం. ఇన్‌స్టిట్యూట్ బజారు వీధిలో ఒక బట్టల కొట్టు పైన. చెక్క మెట్లెక్కి పైకి పోతే గోడ వారగా నల్లటి మిషన్లు, ఒక్కొక్కటీ దూడంత బరువు. అందరూ కలిసి కొడుతుంటే కింద కొట్లో బేరాలు ఎలా సాగేవో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మాస్టారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చేతిలో ఒక రూళ్ళకర్రతో ఉండేవారు. ఎవరినీ కొట్టేవారు కాదు. వంగిన వీపును దాంతో మెల్లగా తట్టేవారు, అంతే. మొదటి పాఠం ఎడమ చేతికి ఏ, ఎస్, డి, ఎఫ్. అదే వరస పేజీ నిండా. చిటికెన వేలితో ఏ కొట్టాలి. పుట్టి బుద్ధెరిగాక ఆ వేలితో నేను ఒక్క పనీ చేసి ఎరుగను. అది ముందుకు పొమ్మంటే పోదు, పోతే వెనక్కి రాదు. పైగా కీల వైపు చూడకుండా వాటి మీద ఒక రేకు మూత కప్పేవారు. మూత కింద నా చేతులు ఏం చేస్తున్నాయో నాకే తెలియదు!

అసలు గొడవ అది కాదు. నా చేతికి బలమెక్కువ. రోకలి పట్టిన చెయ్యి కదా, ఇంగ్లీషు 'ఓ' కొట్టిన చోటల్లా కాగితానికి బొక్క పడేది. ఒకరోజు మాస్టారు నా కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూశారు.

"ఏంటమ్మా ఇది, ఉత్తరమా, జల్లెడా?"

పిల్లలంతా కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"మిషనే అట్లా ఉందండీ!"

"మిషను అట్లాగే ఉంటుంది తల్లీ. ఎవరి మీద కోపమో వాళ్ళ మీద చూపించుకో. దీని మీద కాదు."

ఎవరి మీదనో ఆయనకు తెలియదు గానీ నాకు తెలుసు. ఒక్కసారే అన్న మాట ప్రతి అక్షరం వెనకాలా వినపడేది. ఒక్కసారే అంటే ఒక్కసారే, మా నాన్న సంగతి నాకు తెలియదూ?

రైల్లో కూడా నా వేళ్ళు ఊరుకునేవి కావు. మోకాళ్ళ మీద పాఠమంతా కొట్టుకుంటూ కూర్చునేదాన్ని. ఒకరోజు వేమూరులో ఎక్కిన ఒక ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఏంటమ్మాయ్, చలిజ్వరమా?"

"కాదు మామ్మా, టైపు."

"అయ్యో, పిల్లకి లేనిపోని జబ్బు తగులుకుందే," అంటూ తన సంచిలో నుంచి ఒక జామకాయ తీసిచ్చింది. నవ్వాపుకోలేక చచ్చాను. జామకాయ మాత్రం తిన్నాను.

కొన్ని నెలలకు ఒక పొద్దున ఉన్నట్టుండి చేతులు వాటంతట అవే నడిచాయి. కళ్ళు పుస్తకంలో మాట మీద ఉండగానే ఆ మాట కాగితం మీద పడుతోంది. మధ్యలో నేను లేను. లైను చివర గంట మోగుతోంది, చెయ్యి లేచి కాగితమున్న బండిని అవతలికి తోస్తోంది, మళ్ళీ కొత్త లైను. అబ్బ, ఆ సంతోషం ఎలా చెప్పను! మెట్లు దిగుతూ బట్టల కొట్టు గుమాస్తాను చూసి ఊరికే నవ్వాను. పాపం, ఆయన కంగారుపడి లోపలికి పోయాడు.

మాస్టారు కూడా ఒప్పుకున్నారు. "కొట్టుకొస్తావమ్మా. మిషను సరిగ్గా ఉంటే నీకు తిరుగులేదు."

టైపులో మొదటి మెట్టు లోయరు పరీక్ష, అది బాపట్లలో. ఆ రోజుల్లో పరీక్షకు ఎవరి మిషను వాళ్ళే మోసుకుపోవాలి. ఇన్‌స్టిట్యూట్ మిషన్లను గోనెసంచుల్లో చుట్టి, తెనాలిలో రైలెక్కించి, బాపట్లలో దింపి, రిక్షాల్లో హాలుకు చేర్చేవాళ్ళు. ఆ రోజు నాన్న తానూ వస్తానన్నాడు. నేను వద్దన్నా వినలేదు. నా మిషను రిక్షా ఎక్కితే కుదుపులకు చెడుతుందని, దాన్ని భుజానికెత్తుకుని స్టేషను నుంచి పరీక్ష హాలు దాకా నడిచాడు. ధాన్యం బస్తాలెత్తిన మనిషే గానీ, చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది. వరండాలో బల్ల మీద దించి, గోనె విప్పి, కండువాతో దుమ్ము తుడిచాడు.

నేను హాల్ టికెట్ చూపించడానికి లోపలికి వెళ్ళాను. వచ్చేసరికి మిషను పక్కన పసుపు, కుంకుమ. ముందర అగరుబత్తి. నాన్న చేతుల్లో కొబ్బరికాయ రెండు చిప్పలు. మిషను మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

ఆయన తప్పేం లేదు, ఇప్పుడైతే అలాగే అంటాను. కాలవ గట్టున చేనుకు నీళ్ళు తోడే మా ఆయిల్ ఇంజను దింపిన రోజున కూడా కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు ఇంజను నెత్తిన పోశాడు. ఇంజను చల్లగా ఉంటే చేను చల్లగా ఉంటుందని మా వైపు రైతులందరూ అలాగే చేసేవాళ్ళు. ఇనుముతో చేసింది, మనకు అన్నం పెట్టబోయేది, దేనికైనా ఆ మర్యాద జరగాల్సిందే. కానీ ఆ రోజు నాకు ఇంత జ్ఞానం ఎక్కడిది?

"నాన్నా! నీకు మతిగానీ పోయిందా? ఇది ఇంజను కాదు!"

వరండా అంతా మా వైపు తిరిగింది.

"ఏమైందే? నీ మంచికేగా," అన్నాడు నాన్న.

"మంచికా? నా కొంప ముంచావు!"

మాస్టారు పరుగెత్తుకొచ్చి, లోపలి అక్షరాల కమ్ముల మధ్య వేలు పెట్టి చూసి, తల పట్టుకున్నారు. కొబ్బరినీళ్ళు ఆరితే బంక అవుతాయి. అప్పటికి గానీ నాన్నకు అర్థం కాలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. తిన్నగా పరీక్ష ఆఫీసరు దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ జోడించాడు. గుళ్ళో తప్ప ఆయన చేతులు జోడించడం నేనెన్నడూ చూడలేదు.

"అయ్యా, తప్పు నాదండి, పిల్లది కాదు. ఇంకో మిషనేదన్నా ఇప్పించండి."

"ఎవరు తెచ్చుకున్న మిషను వాళ్ళదేనండి. నేనేం చెయ్యలేను. బెల్లు కొడుతున్నారు, మీరు బయటికి వెళ్ళండి."

మిషను ముందు కాసేపు బాగానే నడిచింది. తడి ఆరేకొద్దీ బిగుసుకుంది. ఒక కమ్మి పైకి లేచి కాగితాన్ని తాకి అక్కడే ఉండిపోయేది. రెండోది వచ్చి దాన్ని కావలించుకునేది. వేలితో విడదీయడం, కొట్టడం, మళ్ళీ విడదీయడం. పక్క పిల్లలు లైన్ల మీద లైన్లు దాటిపోతున్న చప్పుడు. ఒకసారి తలెత్తితే కిటికీలోంచి నాన్న కనిపించాడు. చెట్టు నీడ అంత దగ్గరున్నా ఎండలోనే నిలబడ్డాడు. కోపమూ జాలీ ఒకేసారి వచ్చి కళ్ళు మసకబారాయి. ఏడుస్తూనే కొట్టాను. టైము అయిపోయింది. పేరా పూర్తి కాలేదు.

తిరుగు రైల్లో ఆయన కిటికీ వైపు, నేను తలుపు వైపు. తెనాలిలో బండి మారేటప్పుడు ఇడ్లీ పొట్లం తెచ్చి నా పక్కన పెట్టాడు. నేను ముట్టుకోలేదు. ఆయనా తినలేదు.

ఫలితాలు పేపర్లో వచ్చిన రోజున నాన్న పొద్దున్నే రేపల్లె వెళ్ళి పేపరు కొనుక్కొచ్చాడు. అరుగు మీద పరిచి, వేలు పెట్టి ఒక్కో నంబరూ చదివాడు. పై నుంచి కిందికి, మళ్ళీ కింది నుంచి పైకి. నేను గుమ్మంలో నిలబడి ఆయన వేలినే చూస్తున్నాను. నా నంబరు లేదు. లేదని నాకు ముందే తెలుసు. అయినా ఆ వేలు ఇంకోసారి పైకి పోతుందేమోనని చూశాను.

అమ్మ లోపల్నుంచి వచ్చి, నా మొహం చూసి, నిట్టూర్చింది. "ఏం చేస్తాం, మన రాత. ఒక్కసారన్నారు, ఆ ఒక్కసారీ అయిపోయింది. ఇక ఆ మాట మానెయ్యవే."

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఎక్కడ అయిపోయిందే?" అన్నాడు అమ్మతో, గట్టిగా, నాకు వినపడేలా. "ఆ పరీక్ష తప్పింది నేను. పిల్లది ఇంకా రాయనే లేదు."